ఇరువదినాలుగు గంటల దినచర్య

మా యింట బీరువా పై అరలో, ఇన్సూరెన్సు కాగితాల ప్రక్కన, నలభై పుటల నోటుపుస్తకం ఒకటి ఉన్నది. అట్టమీద పేరుగాని తరగతిగాని లేవు. లోపల వ్రాసినవి మూడు పుటలే. 31 సంవత్సరాలు తెలుగు బోధించి 2021లో పదవీ విరమణ చేసినవాణ్ణి. పరీక్షపత్రాలు దిద్దడంలోనైతేనేమి, పద్యాలకు తాత్పర్యం చెప్పడంలోనైతేనేమి, వ్రాతను చదవడం నా వృత్తి. అయినను ఆ మూడు పుటలను చదవడం నాకు అంత తేలికగా పట్టుబడలేదు. అవి నా భార్య వ్రాసినవి. వ్రాయవలసిన అగత్యం ఎట్లు కలిగినదో ముందు చెప్పాలి.

నా భార్య లెక్కల ఉపాధ్యాయిని. మేము ఉండేది తెనాలిలో. ఆమె పనిచేసే ఉన్నత పాఠశాల రేపల్లె దారిలో, బస్సు దిగి మరికొంత నడిస్తేగాని చేరలేని గ్రామంలో ఉన్నది. వయస్సు ఆనాటికి 52. ఇంట్లో ఆమె తల్లి, అనగా మా అత్తగారు, మతిమరపుతో మంచాన ఉన్నారు. అమ్మాయి పెళ్ళికి చేసిన బాంకు ఋణం సగమైనా తీరలేదు. 2022 నవంబరు నెలలో ఒకనాటి రాత్రి ఆమె, “పడుకుంటే గుండె గొంతులో కొట్టుకుంటున్నట్లు ఉంటున్నదండీ” అన్నది. నేను పత్రిక నుండి తల ఎత్తకుండానే, “పదవ తరగతి సిలబసు పూర్తికాలేదన్న బెంగ. మార్చి వెళ్ళనీ, అదే పోతుంది” అన్నాను.

డిసెంబరులో నిద్ర తగ్గినది. మెడ వెనుక నొప్పి వచ్చినది. సుద్దముక్క పట్టుకుంటే వ్రేళ్ళు వణుకుతున్నాయన్నది. నా జవాబు మారలేదు, దానికి ఒక సలహా మాత్రం చేరినది: “ఉద్యోగం మానేయరాదూ? స్వచ్ఛందంగా విరమించుకో. ఇంతకూ అంతా నీ ఆలోచనల్లోనే ఉన్నది.” ఆమె ఏమీ అనలేదు. ఊరకుండడాన్ని ఒప్పుకోలుగా తీసుకోవడం ఉపాధ్యాయులకు అలవాటు. తరగతిలో ఎవరూ చెయ్యి ఎత్తకపోతే పాఠం అర్థమయినదని ముందుకు సాగిపోతాము గదా!

సంక్రాంతి సెలవులు ముగిసిన వారానికి, మధ్యాహ్న భోజనం వేళ, ఆమె ఉపాధ్యాయుల గదిలో బల్లమీద తల వాల్చి లేవలేకపోయినది. చెమటలు పట్టినవట. తోటి ఉపాధ్యాయిని ఫోను చేసినప్పుడు నేను ఇంటి ముందు అరుగుమీద ఒక మిత్రునితో అవధానాలను గూర్చి వాదిస్తున్నాను.

ఇక్కడ ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. గుండెలో పట్టినట్లు నొప్పి, అది ఎడమ చేతికో దవడకో వీపుకో ప్రాకడం, చెమట, ఆయాసం - ఇవి వచ్చినప్పుడు అది మనోవ్యాకులత అవునా కాదా అని ఇంటివద్ద చర్చించడం తగదు. ఆడవారిలో నొప్పి స్ఫుటంగా లేక, వికారమూ విపరీతమైన నీరసమూ మాత్రమే కనబడడమూ కద్దు. 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేరాలి. చర్చ తరువాత. ఆనాడు ఆమె సహోద్యోగులు చేసినది అదే. మా అదృష్టంకొద్దీ ఆనాటి ఇ.సి.జి.లో గుండెపోటు లక్షణాలు లేవు. అయినను సమగ్రంగా పరీక్ష చేయించవలసినదని చెప్పి గుంటూరు పంపినారు.

గుంటూరులో డాక్టరుగారు ఆమెను అడిగిన మొదటి ప్రశ్న, “ఎన్నాళ్ళనుంచి అమ్మా?” అని. జవాబు నేను చెప్పాను. రెండవ ప్రశ్నకూ నేనే చెప్పాను. నిద్రను గూర్చి అడిగినప్పుడు, “ఆలోచనలు ఎక్కువండీ ఈవిడకు” అని వ్యాఖ్యానం కూడ జోడించాను. ఆయన కలం క్రింద పెట్టి, “మాస్టారూ, మీ పాఠం తరువాత వింటాను. నేను అమ్మగారిని అడిగాను” అన్నారు. నాకు ముఖం మాడినది. అయితే తరువాత పది నిమిషాలలో నా భార్య చెప్పిన సంగతులలో సగం నేను ఎరుగనివి. మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగుతున్నదట. బస్సులో కళ్ళు చీకట్లు కమ్మి రెండుసార్లు ముందు స్టాపులోనే దిగిపోయినదట. “ఇంట్లో చెప్పలేదా?” అని డాక్టరుగారు అడిగితే, ఆమె నావంక చూడకుండా, “చెప్పానండీ” అన్నది.

మనసుకు కలిగిన కష్టం శరీరానికి ఎట్లు దిగుతుందో తెలుగువాడు వైద్యశాస్త్రం చెప్పకముందే ఎరుగును. గుండె గుభేలుమన్నదంటాము, కడుపు తరుక్కుపోయినదంటాము, కాళ్ళలో సత్తువ జారిపోయినదంటాము. వీటిలో ఏదియు మనసు పేరెత్తదు. అన్నియు అవయవాలే. శాస్త్రజ్ఞులు ఈ దారిని పట్టుకొన్న కథ ముచ్చటైనది. హార్వర్డు విశ్వవిద్యాలయంలో వాల్టర్ కానన్ అనే ఆయన, పందొమ్మిదవ శతాబ్దం చివర, అప్పుడే క్రొత్తగా వచ్చిన ఎక్స్‌రే సాయంతో పిల్లి తిన్న ఆహారం దాని కడుపులో ఎట్లు కదులుతుందో చూస్తుండేవాడు. పిల్లి బెదరినా, కోపించినా ఆ కదలిక ఆగిపోయేది! ఆ చిన్న విషయాన్ని ఆయన వదలిపెట్టలేదు. భయక్రోధాలు కలిగినప్పుడు ఎడ్రినలిన్ అనే రసం రక్తంలోకి వచ్చి, గుండె వేగాన్ని పెంచి, కండరాలకు రక్తాన్ని మళ్ళించి, ప్రాణిని పోరుకో పరుగుకో సిద్ధం చేస్తుందని 1915లో గ్రంథమే వ్రాశాడు. తరువాత హాన్స్ సెల్యె కెనడాలోని మాంట్రియల్‌లో ఎలుకలను పరీక్షించి, బాధ ఏ రూపంలో వచ్చినా శరీరం చూపే స్పందనలో ఒక సామ్యమున్నదని 1936లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించాడు. లోహాలకు, వంతెనలకు ఇంజనీర్లు వాడుకొనే ‘స్ట్రెస్’ అన్న మాటను మనుష్యులకు కూడ అంటగట్టి లోకమంతటా వ్యాప్తిచేసినవాడు ఆయనే. పులి వచ్చినప్పుడు ఈ ఏర్పాటు మేలే. పులి వెళ్ళిపోతుంది. బాంకు వాయిదా వెళ్ళదు. ప్రతి నెలా వస్తుంది.

అయితే ఈ జ్ఞానంలో ఒక ప్రమాదమున్నది. నాబోటివాడు దీనిని సగం నేర్చుకొని, “అంతా ఆలోచనలవల్లనే” అని తీర్పు చెప్పి నిశ్చింతగా పత్రిక చదువుకొంటాడు. కడుపులో పుండ్లు దిగులువల్లనూ కారంవల్లనూ వస్తాయని చాలకాలం లోకమంతా నమ్మినది. ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లు వాటిలో చాలభాగానికి ఒక సూక్ష్మజీవి కారణమని చూపించారు. నమ్మనివారిని నమ్మించడానికి మార్షల్ 1984లో ఆ సూక్ష్మజీవులున్న ద్రవాన్ని తానే త్రాగి జబ్బు తెచ్చుకొన్నాడు. ఆ ఇద్దరికీ 2005లో నోబెల్ బహుమానం వచ్చినది. ఎందరు రోగులు అంతకుముందు “దిగులు మానవయ్యా” అన్న మందుతో ఇంటికి వెళ్ళి ఉంటారో ఊహించుకోవచ్చును. కనుకనే మా డాక్టరుగారు, “ఒత్తిడి అనే మాట చివరకు అనవలసినది. ముందు తక్కినవన్నీ చూడాలి” అన్నారు. థైరాయిడ్ అధికమైనా గుండెదడే. రక్తం తక్కువైనా గుండెదడే. మధుమేహం కూడ చూడాలి. గుండె కవాటాల సంగతి ఎకో పరీక్షలో తెలుస్తుంది.

ఆ పరీక్షలు వరుసగా పది రోజులు పట్టినవి. రక్తపరీక్షకు పరగడుపున వెళ్ళాలి. మొదటి ఉదయం నేను చేసిన ఘనకార్యం ఒక్కటే: డబ్బాలో నాలుగు ఇడ్లీలు, ఫ్లాస్కులో కాఫీ తీసుకువెళ్ళడం. రక్తం ఇచ్చి బయటకు వచ్చి ఆ డబ్బా చూడగానే ఆమె కళ్ళు చెమర్చినవి. నాకు ఆశ్చర్యమైనది, ఇంత మాత్రానికా అనుకొన్నాను. ఆ ఆశ్చర్యమే నా తప్పును నాకు చూపినది.

నడకయంత్రం పరీక్షకు చీరతో ఎక్కరాదన్నారు. ఆమెకు సిగ్గు. అమ్మాయి చుడీదారు, నా బూట్ల వంటివి ఒక జత క్రొత్తవి కొన్నాము. ఆ పరీక్షను చాలచోట్ల రాబర్ట్ బ్రూస్ అనే అమెరికా వైద్యుడు ఏర్పరచిన పద్ధతిలో చేస్తారు. మొదటి మూడు నిమిషాలు గంటకు సుమారు 2.7 కిలోమీటర్ల వేగం, నూటికి పది వంతుల వాలు. ప్రతి మూడు నిమిషాలకూ వేగమూ వాలూ పెరుగుతాయి. గుండె ఎంతవరకు వేగం పుంజుకోవాలో అక్కడి కుర్రవాడు చెప్పబోతుండగా ఆమె, “220లోనుంచి వయస్సు తీసివేయడమేనా? 168. అందులో నూటికి 85 వంతులంటే 143” అన్నది. కుర్రవాడు నవ్వినాడు. రెండు నెలలలో ఆమె ముఖం తేటపడగా చూడడం నాకదే మొదలు. లోపలికి నన్ను రానీయలేదు. తలుపు బయట యంత్రపు చప్పుడు వింటూ కూర్చున్నాను. అరగంట లోపల అయిపోయినది. నాకు ఒక పూట గడచినట్లయినది. ప్రక్కన ఎవరో పల్లెటూరి పెద్దమనిషి తన భార్య చెప్పులు చేత పట్టుకొని కూర్చున్నాడు. మేము మాట్లాడుకోలేదు.

ఫలితాలు వచ్చేవరకు ఉండే రోజులను గూర్చి వైద్యగ్రంథాలు ఎక్కువ చెప్పవు. మా యింట అవి చెడ్డ రోజులు. నేను ఇంటర్నెట్టులో చదివి లేనిపోని జబ్బులను ఇంటికి తెచ్చాను. మా వదినగారు ఫోను చేసి, తమ వియ్యపురాలికి ఇట్లాగే గుండెదడ మొదలై ఏమయినదీ సవిస్తరంగా చెప్పినది. ఆ ఫోను నేను తీసి ఉంటే బాగుండేది. “టెన్షన్ పడకు” అని రోజుకు పదిసార్లు అన్నాను. మరచిపోవద్దని చెబితే ఏ విద్యార్థి అయినా పద్యం మరవకుండా ఉన్నాడా? చివరకు నాల్గవనాడు నోరు మూసుకొని ఆమె దిద్దవలసిన నోటుపుస్తకాలకు మార్కులు కూడిపెట్టాను. రెండుచోట్ల తప్పు కూడాను. ఆమె దిద్దినది.

రక్తపోటు సంగతి వేరుగా చెప్పాలి. తెలుగులో ‘పోటు’ అంటే సముద్రపు పోటు కూడ. ఆటుపోట్లన్న జంటలో సగం. ఈ మాటను రక్తానికి కూర్చినవారెవరోగాని గట్టివారు. అది రోజంతా ఒకే తీరున ఉండదు, లేస్తుంది, తగ్గుతుంది. ఆసుపత్రిలో మా ఆవిడకు 164/98 వచ్చినది. తెల్లకోటు చూడగానే పెరిగే రక్తపోటు ఒకటున్నదని, ఇంటివద్ద ఏడురోజులు కొలిచి వ్రాసుకు రమ్మని డాక్టరుగారు చెప్పారు. కొలిచే పద్ధతి కూడ నేర్పారు. కాఫీ త్రాగి అరగంటయినా గడవాలి. కుర్చీకి వీపు ఆన్చి, పాదాలు నేలమీద మోపి, కాలుమీద కాలు వేయక, అయిదు నిమిషాలు ఊరకే కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తున బల్లమీద ఉండాలి. మాట్లాడరాదు. ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు. మొదటిరోజువి నాలుగూ విడిచి, తక్కిన 24 లెక్కలకు సగటు కట్టాలి. సగటు కట్టడానికి మా ఇంట మనిషి కొరతలేదు గదా! 138/88 వచ్చినది. ఇంటివద్ద 135/85 దాటితే అధికమే. అనగా తెల్లకోటు వాటా కొంత ఉన్నమాట నిజం; అసలు రక్తపోటు ఉన్నమాటా నిజం. ఆ వారంలో ఇంకొకటి కూడ తెలిసినది. అయిదు నిమిషాలు ఊరకే కూర్చోవడమన్నది మా ఆవిడకు ఆ యింట అంతకుముందు జరగలేదు. రెండవనాడు ఆమె కూర్చున్న మూడవ నిమిషంలోనే నేను, “గ్యాసు బుక్ చేశావా?” అని వంటింటిలో నుంచి కేకవేశాను.

ఇక ఆ నోటుపుస్తకం. గుండెదడ ఆసుపత్రిలో ఉన్న పది నిమిషాలలో పట్టుబడదు గనుక, 24 గంటల పాటు ఛాతీకి తీగెలంటించి చిన్న యంత్రాన్ని కట్టి పంపుతారు. దానికి హోల్టర్ అని పేరు. నార్మన్ హోల్టర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు మొదట చేసిన పరికరం 38 కిలోల బరువు. వీపున మోయవలసి వచ్చేది. దానిని తగ్గించి తగ్గించి, 1961లో ‘సైన్స్’ పత్రికలో తన పద్ధతిని వివరించాడు. ఇప్పటిది అగ్గిపెట్టెలకు అన్నదమ్ముడు. దానితోపాటు రోగి దినచర్య వ్రాయాలి. ఏ వేళ ఏమి చేస్తున్నదీ, ఎప్పుడు దడ వచ్చినదీ. “మామూలు రోజు ఎట్లు గడుపుతారో అట్లే గడపండి అమ్మా” అన్నాడు యంత్రం కట్టిన కుర్రవాడు. కట్టినది గురువారం సాయంత్రం 6-30కి. ఆమె మరునాడు బడికి వెళ్ళినది. సెలవు పెట్టమని నేను పోరాడాను. “మామూలు రోజు అన్నాడు గదండీ” అన్నది.

శుక్రవారం రాత్రి యంత్రం అప్పగించి వచ్చిన తరువాత, ఆమె నిద్రపోయినాక, పుస్తకం తెరిచాను. కొన్ని పంక్తులు ఉన్నవి ఉన్నట్లు ఇస్తున్నాను. ఆమె అనుమతి తీసుకొన్నాను.

“రాత్రి 8-45: ఆయన ఋణం సంగతి ఎత్తారు. జవాబు చెప్పలేదు. దడ.
1-20: అమ్మ లేచింది. గుడ్డలు మార్చాను.
3-10: మెలకువ. కారణం లేదు.
4-40: లేచాను. అమ్మకు మందు. పాలు.
5-15: వంట. ముగ్గురికి.
7-05: బస్సు. నిలబడి.
8-52: బస్సు ఆలస్యం. నడిస్తే 9 దాటుతుంది. పరుగు. దడ.
10-15: పదవ తరగతి, త్రికోణమితి.
11-00: తొమ్మిదవ తరగతి.
సాయంత్రం 5-50: ఆయన కాఫీ అడిగారు.”

ఆ యేటి వరకు ఫోనులో ముఖం చూపి హాజరు వేసే పద్ధతి వచ్చి ఉన్నది. తొమ్మిది గంటల పరుగు దానికొరకు. 1-20కి నేను అదే గదిలో ఉన్నాను. నిద్రపోతున్నాను. గుడ్డలు మార్చడం ఆ ఒక్క రాత్రి సంగతి కాదని తరువాత తెలిసినది. పదునాలుగు నెలలుగా జరుగుతున్నది. “ముగ్గురికి” అన్న మాటవద్ద నేను చాలసేపు ఆగాను. ఆ ముగ్గురిలో ఒకణ్ణి నేను. రెండేళ్ళుగా ఇంటిపట్టున ఉన్నవాణ్ణి.

నాలుగురోజుల తరువాత నివేదిక వచ్చినది. మనిషి గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకొంటుంది. వాటి నడుమ కొన్ని వందల అదనపు స్పందనలు కనబడినవి. ఎకో బాగుండడంచేత, నడకయంత్రంమీద దోషం కనబడకపోవడంచేత, అవి భయపడవలసినవి కావన్నారు. థైరాయిడ్ సరిగానే ఉన్నది. డాక్టరుగారు నివేదికను, దినచర్యను ప్రక్కప్రక్కన పెట్టి వ్రేలితో చూపించారు. రాత్రి 8-45 తరువాత ఒక గుంపు. వేకువన 3-10 వద్ద ఒక గుంపు. ఉదయం 8-52 వద్ద మరొకటి. “ఇది చూడండి” అన్నారు. 10-15 నుండి 12 వరకు, త్రికోణమితి మొదలుకొని రెండు తరగతుల కాలం, గీత నిండుగోదావరి వలె సాగిపోయినది. ఒక్క అదనపు స్పందన లేదు.

ఉద్యోగం మానమని మూడు నెలలు ఆమెను వేధించినవాణ్ణి ఆ గదిలోనే ఉన్నాను. ఆమె తరగతి గదిలో ఉన్నంతసేపూ గుండె నెమ్మదిగా ఉన్నది. నా మాట విని మానిఉంటే, రోజులో ఆ ఒక్క నెమ్మది పోయి, తక్కినదంతా మిగిలేది. నేను సలహా అనుకొన్నది ఆమెకు శిక్ష అయ్యేది. “మీరు వ్రాసిందేనా అమ్మా ఇదంతా? చాల ఉపయోగపడింది” అని డాక్టరుగారు అన్నప్పుడు, ఆమె, “మా ఆయన కూడ చదివారండీ” అన్నది. అందులో నిష్ఠురమున్నదో లేదో నాకు నేటికీ తెలియదు.

రక్తపోటుకు చిన్న మాత్ర ఇచ్చారు. ఉప్పు రోజుకు అయిదు గ్రాములు దాటవద్దన్నారు. ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పే హద్దు కూడ అదే. ఊరగాయ జాడీలున్న గుంటూరు సీమలో ఇది మాత్రకన్న చేదు. మనస్తత్వ నిపుణురాలివద్దకు నెలకు రెండుసార్లు వెళ్ళమన్నారు. నాకు మొదట అది నచ్చలేదు, బంధువులు ఏమనుకొంటారోనని. ఆమె వెళ్ళినది. నాలుగు నెలలు వెళ్ళినది. అక్కడ ఏమి మాట్లాడుకొన్నారో నేను అడగలేదు. అంత దూరం పోలేనివారికి 2022 అక్టోబరు 10న మొదలైన ‘టెలి మానస్’ అనే ప్రభుత్వ సేవ ఉన్నది; 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

నేను చేసినది గొప్పగా చెప్పుకోదగినది కాదు. అత్తగారి రాత్రి పని నాది చేసుకొన్నాను. మొదటి వారం ఆమె నన్ను చూసి, “ఎవరు నాయనా నువ్వు?” అని అడిగి భయపడ్డారు, ఇప్పుడు అడుగుతారుగాని భయపడరు. ఉదయం వంట నేర్చుకొన్నాను. నా ఉప్మాను గూర్చి మా ఆవిడ స్కూలులో ఏమి చెబుతున్నదో తెలిసినవారు నాకు చెప్పరు. బాంకుకు వెళ్ళి వాయిదాలు తగ్గించి గడువు పొడిగించుకొన్నాను. వడ్డీ కొంత ఎక్కువవుతుంది. ఋణం మాట రాత్రిపూట ఎత్తరాదని నియమం పెట్టుకొన్నాము. రెండుసార్లు నేనే తప్పాను. బస్సు మాత్రం అదే. బదిలీ రాలేదు. వేకువన మూడింటి మెలకువ తగ్గినదిగాని పోలేదు. అప్పుడు నాకు కూడ మెలకువ వస్తే, ఏమీ అనకుండా లేచి మంచినీళ్ళు ఇస్తాను.

ఆరునెలలకొకసారి చూపించుకోవాలి. వచ్చే శనివారం వెళుతున్నాము. పాత నివేదికలు తేదీలవారీగా ఫైలులో సర్దాను. డాక్టరుగారిని అడగవలసిన ప్రశ్నలు అయిదు, కాగితంమీద గుండ్రని దస్తూరీతో వ్రాసి ఆమెకిచ్చాను. ఆమె చదివి రెండు కొట్టివేసినది. క్రింద తనవి మూడు వ్రాసుకొని, కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకొన్నది. అవి ఏమిటో నాకు చూపలేదు.